పది నిమిషాలు ముందున్న వీధి

ఆ వాచీల కొట్టులో ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి గుమ్మంలో నిలబడాల్సిందే. బల్లకి ఇవతల ముక్కాలి పీట మీద రొట్టెలాయన కూతురు, అవతల కంటికి భూతద్దం బిగించుకున్న వాచీల బాబాయ్. ఆయన తల వెనక గోడ గడియారం. వీధి మొత్తానికీ దాని సంగతి తెలుసు.

"జబ్బేం లేదమ్మాయ్ ఈ చేతి వాచీకి."

"అదేంటి బాబాయ్, ఆగిపోయిందిగా?"

"ఆగదూ మరి? కీ ఇవ్వకపోతే ఆగుతుంది. మీ నాన్న రోజూ పొద్దున్నే బట్టీ రాజేసి, చేతులు తుడుచుకుని, దీనికి ఇరవై చుట్లు తిప్పేవాడు. నువ్వెన్ని తిప్పావ్?"

"మర్చిపోయా."

"మర్చిపోయావా, పనిగట్టుకుని ఆపి తెచ్చావా?"

"నేనెందుకు ఆపుతాను? చూడండి, లోపల దుమ్మూ అదీ ఏదైనా..."

"చూస్తాలే. పన్నెండేళ్లకి కనిపించావ్, ఒట్టినే పంపుతానా? విప్పి, తుడిచి, నూనె చుక్క వేసిస్తా. ముందా ఫోను బల్ల మీంచి తియ్. విప్పిన వాచీ దగ్గర ఫోను ఉండకూడదు. దాన్లో అయస్కాంతం ఉంటుంది, ఈ సన్న స్ప్రింగుకి పడదు."

"సంచిలో వేసేస్తా."

"అడుక్కి వెయ్."

"వేశా."

"ఇంకా అడుక్కి."

"పాతాళంలో వేశా, చాలా?"

"ఆ, ఇప్పుడు చెప్పు. ఇవాళేనా రావడం?"

"ఆ... ఇవాళే."

"ఎలా ఉంది మన వీధి? గుర్తుపట్టావా, ఎవర్నైనా దారి అడిగావా?"

"మా కొట్టు దగ్గర ఆగి చూశా. అదేంటి బాబాయ్, అద్దాల వెనక మనుషులు పరిగెడుతున్నారు?"

"పరిగెడతారు. ఉన్నచోటే పరిగెడతారు. జిమ్ము అది. మీ నాన్న పాతికేళ్లు అక్కడ పిండి పిసికి, వెన్న రాసి, ఈ వీధిలో ఒక్కణ్నీ వదలకుండా లావు చేశాడు. ఇప్పుడు వాళ్ల పిల్లలు సరిగ్గా అక్కడికే వచ్చి సన్నబడుతున్నారు. ఆయన చేసిన పాపం ఆ గదిలోనే కడుగుతున్నారు పాపం."

"మా నాన్నని ఏమీ అనకండి."

"అంటాను. ఆయన తరఫున నువ్వేగా ఉన్నావ్ వినడానికి. మీరు ఖాళీ చేశాక సీడీలు అద్దెకిచ్చేవాడొచ్చాడు. వాడు నాలుగేళ్లు. తర్వాత సెల్‌ఫోన్లవాడు. వాడు రెండేళ్లు. తర్వాత ఒకాయన తేనె మాత్రమే అమ్ముతానని వచ్చాడు. ఆరు నెలలు తేనె మాత్రమే ఉంది, ఆయన లేడు."

"గొడుగుల తాత కొట్టు?"

"ఏటీఎం. తాత వానాకాలం నాలుగు నెలలే తలుపు తీసేవాడని అందరూ తిట్టుకునేవాళ్లు గుర్తుందా? దీనికి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పని మాత్రం ఆ నాలుగు నెలలు కూడా చెయ్యదు. తాతని కదిలిస్తే నోరారా తిట్టేవాడు. ఇది క్షమించండి అని రాసి చూపిస్తుంది. నాకు తిట్టే బాగుండేది."

"సైకిళ్లు అద్దెకిచ్చే మామ?"

"స్కూటర్ల రిపేరుకి మారాడు. స్కూటర్లు పోయాక కార్లకి స్టిక్కర్లంటించాడు. ఇప్పుడు కొడుకు దగ్గర మంచాన ఉన్నాడు. ఆ కొట్టులో పార్సిళ్లు దించుతారు. మన వీధిలో దొరికే వస్తువే ఎక్కణ్నుంచో తెప్పించుకుంటారు. అది లారీ ఎక్కి, ఊళ్లు తిరిగి, మన వీధికే వస్తుంది. దాన్ని తీసుకోడానికి వరసలో నిలబడతారు."

"మిషను అత్త ఉందిగా?"

"ఉంది. ఒకప్పుడు వీధి మొత్తం కొలతలు ఆవిడకి నోటికొచ్చు. ఎవరు పొట్ట పెంచారో భార్యల కంటే ముందు ఆవిడకే తెలిసేది. ఇప్పుడు జిప్పులు మారుస్తుంది, కొన్న ప్యాంట్లు పొడవైతే కత్తిరిస్తుంది. నలభై ఏళ్లు కుట్టి చివరికి కత్తెర ఉద్యోగంలో కుదిరానంటుంది."

"సెలూన్ మామ?"

"వాడి కథ ఇంకా బాగుంటుంది. పక్కనే కుక్కలకి క్షవరం చేసే కొట్టొచ్చింది. వాళ్లకి ఏసీ, వీడికి రెక్క విరిగిన ఫ్యాను. కుక్కలేమో లోపల సోఫాలో చల్లగా కూర్చుంటాయి వంతు కోసం. వీడి దగ్గరికొచ్చిన మనుషులు బయట బల్ల మీద ఎండకి. మొన్నొకాయన చల్లగా ఉంది కదాని అందులోకెళ్లి కూర్చున్నాడు. అరగంటయ్యాక మీ కుక్కేదండీ అనడిగితే అప్పుడు లేచాడట."

"అబద్ధం!"

"సగం అబద్ధం. కూర్చున్నది నేనే, అరగంట కాదు, గంట. ఆ పట్టకారు ఇలా అందుకో."

"ఇదా?"

"అది నా పళ్లు కుట్టుకునే పుల్ల. దాని పక్కది."

"ఫొటో స్టూడియో చూస్తే బాధేసింది బాబాయ్. ఆ కొండలూ చెరువూ గీసిన తెర ముందు నిలబెట్టి తీసేవాడు. నేను ప్రతి ఫొటోలోనూ అదే చెరువు ఒడ్డున ఉంటా."

"ఇప్పుడది కాఫీ కొట్టు. స్టూడియో ఆయన కెమెరా కొనుక్కుని గోడకి బిగించారు. అది ఫొటోలు తియ్యదు. జనం దాని ముందు నిలబడి ఫోనుతో తీసుకుంటారు. ఆయన బతికుండగా నెలకి ఒక్కళ్లు రాలేదు ఆ కెమెరా ముందుకి. టైమెంతైంది చూడు?"

"మీ గోడ మీద నాలుగూ నలభై. అంటే అసలు టైము నాలుగున్నర. ఇంకా బాగుచేసుకోలేదా దాన్ని?"

"ఎందుకు చేసుకోవాలి?"

"ముప్పై ఏళ్లుగా పది నిమిషాలు ముందు! వాచీలు బాగుచేసే మనిషి కొట్టులో!"

"పాత స్ప్రింగు. దానికి తొందరెక్కువ."

"చిన్నప్పుడు నేనే అనేదాన్ని, సొంత గడియారం సరిచేసుకోలేని మనిషికి వాచీలెవరిస్తారూ అని."

"విన్నాను. నీ గొంతేం చిన్నది కాదు. రోడ్డవతల మీ కొట్టులోంచి అంటే ఇక్కడ నా స్క్రూలు కదిలేవి."

"అయినా అందరూ దీన్నే చూసేవాళ్లు."

"చూడక? వీధికంతా ఇదొక్కటేగా. దీన్ని చూసి వీధి వీధంతా పది నిమిషాలు ముందు లేచేది. మీ నాన్న రొట్టెలు ముందు దించేవాడు. మనవాళ్లు ముందే నిలబడుతున్నారని బస్సువాడు కూడా ముందే రావడం మొదలెట్టాడు. తర్వాత ఫోన్లొచ్చాయి. ప్రతివాడి జేబులోనూ సరైన టైము. అప్పట్నుంచీ ఈ వీధిలో ఒక్కడు టైముకి వస్తే ఒట్టు."

"వాచీల సార్! ఉన్నారా?"

"లేను. కాఫీ కొట్టాయనా, నువ్వొచ్చినప్పుడల్లా నేను ఉండను. గుమ్మంలోనే ఆగు, లోపల చోటు లేదు."

"ఆ పది గడియారాల గురించి సార్. గోడ ఇంకా బోసిగానే ఉంది."

"విన్నావా అమ్మాయ్? ఈయన గోడకి పది గడియారాలు కావాలి. ఆడనివి. ఆడేవి ఇస్తానంటే వద్దన్నాడు."

"ఆడితే చప్పుడొస్తుంది సార్. కస్టమర్లు టైము చూసుకుని లేచిపోతారు. మాకు పాతకాలం లుక్ కావాలంతే."

"పాతకాలం కావాలి గానీ నోరు మూసుకుని ఉండాలి. బాగుంది. అలాంటి గడియారం నా దగ్గర ఒక్కటే ఉంది, నేనే. నన్ను తగిలించుకో."

"మీరెప్పుడూ జోకులే సార్. అరె, మేడం గారూ! మీరున్నారా? ఎండలోంచి వచ్చా, కనపళ్లేదు. నమస్తే మేడం. మొన్న మా కాఫీ బాగుందన్నారు. అయిపోయాయా సంతకాలు? వాచీల సార్ ఒక్కరే మిగిలారన్నారుగా?"

"మీరు... మీరు వెళ్లండి, తర్వాత మాట్లాడదాం."

"కొత్త బిల్డింగులో మాకు రోడ్డు మూల కొట్టు ఇప్పిస్తానన్నారు, మర్చిపోకండి. అదేంటి సార్, మీ గోడ గడియారం ఇవాళ..."

"నువ్వు నడవ్వయ్యా! అక్కడ పాలు పొంగుతున్నాయి, వాసనొస్తోంది."

"మా పాలు మిషన్లో కాగుతాయి సార్."

"మిషన్లోనే పొంగుతున్నాయి. నడు, నడు."

"వస్తా మేడం."

"వెళ్లాడు మేడం గారూ."

"బాబాయ్, ప్లీజ్."

"మేడం గారు మొన్న కూడా వచ్చారన్నమాట. కాఫీ తాగారు. ఎదురుగా ఉన్న నా కొట్టు మాత్రం కనపళ్లేదు."

"కనిపించింది. అందుకే ఆ రోజు రాలేకపోయా."

"ఇవాళేమో చచ్చిన వాచీ ఒకటి పట్టుకొచ్చావ్."

"మిమ్మల్ని చూడాలని కూడా వచ్చా."

"కూడా. ఆ మాట బాగుంది. కాగితం బయటికి తియ్ తల్లీ, నలిగిపోతుంది."

"మీకు ముందే తెలుసా?"

"సెలూన్ మామ చెప్పాడు. సంతకం పెట్టాక మూడ్రోజులు కొట్టు తియ్యలేదు వాడు. ఎందుకు పెట్టావురా అంటే, రొట్టెలాయన కూతురు వచ్చి అడిగింది, కాదనడానికి నోరు రాలేదన్నాడు. మిషను అత్త కూడా అదే మాట. మీ కంపెనీకి బుర్రుందమ్మాయ్. ఎవరి మొహం చూస్తే ఈ వీధి మెత్తబడుతుందో వెతికి ఆ మొహాన్నే పంపారు."

"నేనడగలేదు. నా పాత చిరునామా చూసి ఈ పని నాకే వేశారు. పుట్టింది అక్కడేగా, నీకు తేలికంటూ."

"తేలికైందా?"

"కాలేదు."

"సంతోషం. నాకు వచ్చిన కాగితం నేను చదివా. ఖాళీ చేస్తామని ఇవాళ సాయంత్రం ఐదు లోపల పదకొండు కొట్ల సంతకాలూ పడాలి. ఒక్కటి తగ్గినా, ఈ కొట్లన్నీ అద్దెకిచ్చిన ఇంటాయనతో మీ కంపెనీ రాసుకున్న ఒప్పందం రద్దు. అంతేగా?"

"అంతే. ఐదు దాటితే కంపెనీ కూరగాయల మార్కెట్ వెనక స్థలానికి వెళ్లిపోతుంది. అదీ చూసి పెట్టుకున్నారు."

"వెళ్లమను. కూరగాయల మధ్య చల్లగా ఉంటుంది."

"వెళ్తే నా కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చుంటారు బాబాయ్. పైకి అనలేదు, అనకుండానే అర్థమయ్యేలా చెప్పారు."

"ఊఁ."

"మీకు కొత్త బిల్డింగులో చోటిస్తారు. ఉత్తినే ఖాళీ చెయ్యమనట్లేదు."

"ఎక్కడ?"

"మూడో అంతస్తు. లిఫ్టు పక్కనే."

"భేష్. వాచీ ఆగినవాడు లిఫ్టెక్కి పైకొచ్చి, నన్ను వెతుక్కుని, దిగేసరికి వాచీ దానంతటదే తిరుగుతుంది. కిటికీ ఉంటుందా?"

"లైట్లుంటాయి. చాలా లైట్లు."

"నేనడిగింది కిటికీ."

"ఉండదు."

"లైటు కింద ఈ ముల్లు నీడలు రెండు పడతాయమ్మాయ్. ఏది ముల్లో ఏది నీడో తెలీదు. పగటి వెలుగైతే ఒక్కటే నీడ. ఈ కంటికి ఇంకో నాలుగేళ్లు ఓపికుందని డాక్టరు అన్నాడు. ఆ నాలుగేళ్లూ ఈ కిటికీ పక్కనే కూర్చోవాలని నాకు ఆశ. ఇంతకంటే గొప్ప ఆశలేం లేవు."

"అయితే పెట్టనని చెప్పెయ్యండి."

"చెప్పలేను."

"ఎందుకు చెప్పలేరు?"

"నువ్వడుగుతుంటే ఎలా చెప్పను? మీ నాన్న ముక్కు, మీ నాన్న కళ్లు. పైగా నీ కుర్చీ సంగతొకటి చెప్పావ్. నువ్వే అడక్కుండా వెళ్లిపో."

"అడక్కుండా వెళ్లలేను. సంతకం దొరకలేదని చెప్పొచ్చు, నేనడగలేదని ఎలా చెప్పను?"

"తెలుసు. అందుకే ఇద్దరం వాచీ తుడుచుకుంటూ కూర్చున్నాం. ఏడవకు. బల్ల మీద తడి పడితే తుప్పు పడుతుంది."

"నేనేం ఏడవట్లేదు. మీ నూనె ఘాటు."

"ఈ నూనెకి వాసనే ఉండదు. సరే, ఆ కాగితం ఇటివ్వు. అబ్బో, ఎన్ని పేజీలో! నేను ఖాళీ చెయ్యడానికి ఇంత కథ రాశారా? నేను ఇందులో చేరినప్పుడు ఇంటాయన వాళ్ల నాన్న నోటితో అన్నాడు, కూర్చోవయ్యా అని. కూర్చున్నా."

"చివరి పేజీలో పెడితే చాలు."

"చదవకుండా పెడతానా? ఈ అద్దం పెట్టినా అక్షరాలు అందట్లేదు. ఇది దాచుకోడానికి రాసిందా, చదవడానికి రాసిందా?"

"ఐదైంది బాబాయ్, మీ గోడ మీద."

"అంటే?"

"అంటే నాలుగూ యాభై. ఇంకా పది నిమిషాలుంది."

"ఉంది ఉంది. పది నిమిషాలుంది. టీ తాగుతావా? ఫ్లాస్కులో ఉంది."

"తాగుతా."

"కప్పు ఒకటే ఉంది. మూత నాకు, కప్పు నీకు. తొందరేం లేదుగా?"

"మీరే చెప్పాలి."

"ఈ వాచీ వెనక మూత బిగించనీ ముందు. మీ నాన్న వాచీ. మూడు స్క్రూలు. ఒక్కొక్కటీ నిదానంగా తిప్పాలి, లేకపోతే మర చెడుతుంది. విను, చెవి దగ్గర పెట్టుకుని విను."

"ఆడుతోంది."

"ఆడక ఏంచేస్తుంది? టైము పెట్టి ఇస్తానుండు."

"వద్దు వద్దు. టైము నేను పెట్టుకుంటాలెండి ఇంటికెళ్లి."

"నీ ఇష్టం."

"ఐదూ ఎనిమిది. అంటే మనకి రెండు నిమిషాలే ఉంది బాబాయ్. ఇదిగో పెన్ను. మీరు పెట్టగానే ఫొటో తీసి పంపిస్తే సరిపోతుంది. ఫోను తీస్తున్నా."

"ఆగు."

"అడుగున పడింది, ఒక్క నిమిషం..."

"సంచిలోంచి చెయ్యి తియ్యమన్నానా! అది చెప్పకముందే నేను చెప్పాలి. నీ ఫోను చెబితే నాకు మరీ పరువు తక్కువ."

"ఏంటి బాబాయ్?"

"ఐదూ ఎనిమిది."

"మీ గడియారంలో."

"అన్ని గడియారాల్లోనూ. పొద్దున నిచ్చెన వేసుకుని ఎక్కి సరిచేశా. మిషను అత్త కింద పట్టుకుంది. ఈ వయసులో నాకెందుకీ వేషాలని తిట్టింది కూడా. ఐదు దాటిపోయిందమ్మాయ్. నీ కాగితం చెల్లదు. ఎవడో కొత్తవాణ్ని పంపుంటే నా పప్పులుడికేవి కావు. గోడ మీద ఐదు కనిపిస్తే కొత్తవాడు ఐదే అనుకుంటాడు. చూసిన టైములోంచి పది తీసేసుకునేది మన వీధిలో పుట్టినవాళ్లే. నువ్వు తీసేసుకుంటావని నాకు తెలుసు. నీకు లేదని చెప్పే ధైర్యం లేక, గడియారం చేత చెప్పించా. తిట్టు. నోరారా తిట్టు, గొడుగుల తాతలాగా."

"అయితే దానికి స్ప్రింగు చెడలేదా?"

"స్ప్రింగు నిక్షేపంగా ఉంది. ఎప్పుడూ నిక్షేపమే."

"మరి ముప్పై ఏళ్లు..."

"నువ్వు పదో క్లాసు. అర్ధసంవత్సరం పరీక్షకి లేటుగా వెళ్తే గేటు వేసేశారు, గుర్తుందా? ఏడుస్తూ ఇంటికొచ్చావ్. ఆ సాయంత్రం మీ నాన్న పిండి చేతుల్తోనే వచ్చి, నా మాట వినదు, అద్దం ముందు నిలబడి మీ గడియారం చూసుకుని బయల్దేరుతుంది, కాస్త ముందుకి జరపవా అన్నాడు. పది జరిపా."

"నా కోసమా?"

"వారంలో కనిపెట్టేశావ్ నువ్వు. పది తీసేసుకుని మళ్లీ మామూలుగానే లేటు. కనిపెట్టకుండా మోసపోయింది మిగతా వీధంతా. అందుకని పబ్లిక్ పరీక్షల వారం ఇరవై చేశా. నువ్వు పది తీసేసుకుని, ఇవాళ కూడా లేటేనని గుండెలు బాదుకుంటూ పరిగెత్తి, రోజూ పది నిమిషాలు ముందే వెళ్లి కూర్చున్నావ్."

"మీరు... ఆ మాట ఎప్పుడూ చెప్పలేదే."

"చెబితే మీ నాన్న మాట పోయేది. పాసయ్యాక సరిచేద్దామనుకున్నా. అప్పటికి బస్సువాడు కూడా అలవాటు పడ్డాడు, ఇక ఎవర్ని కదపను? సొంత గడియారం బాగుచేసుకోలేడన్న పేరు నాకు స్థిరపడింది. పడితే పడనీ అనుకున్నా."

"నేను కూడా అన్నాను. అందరికంటే గట్టిగా."

"అన్నావు. అప్పుడు నీ మంచికి నిన్ను మోసం చేశా, ఆ మాటలు నాకు తగల్లేదు. ఇవాళ నా మంచికి చేశా. ఇది తగుల్తోంది. నీ ఉద్యోగానికేమైనా అయితే నేను ఈ కిటికీ దగ్గర ఎలా కూర్చుంటానో నాకే తెలీదు. ఆఫీసులో ఏం చెబుతావ్?"

"లేటైందని చెబుతా."

"నమ్ముతారా?"

"ఈ వీధిలో ఎవర్ని అడిగినా నమ్ముతారు."

"నవ్వుతావేంటే? రెండోసారి కూడా గడియారంతో నిన్ను పిచ్చిదాన్ని చేస్తే నవ్వుతావా?"

"గడియారం మళ్లీ పది ముందుకి జరపండి బాబాయ్, నిచ్చెన నేను పట్టుకుంటా. నేను ఈ గుమ్మంలో కాలు పెట్టేముందు ఫోను చూసుకునే వచ్చా. అందులో నాలుగున్నర, మీ గోడ మీదా నాలుగున్నరే."